వంతెనకు పైన

మోకాలిలోతు నీళ్ళలో వంగి, నోలీన్ ఆ సాల్మన్‌ను తోక మొదట్లో ఒడిసిపట్టుకుని నెమ్మదిగా పక్కకు తిప్పింది. ఆమె చెయ్యంత పొడుగుంది చేప. సముద్రం నుంచి అప్పుడే వచ్చినట్టుంది, పొలుసులు తళతళలాడుతున్నాయి. గాలం దాని నోట్లో లేదు. వీపు రెక్క పక్కన కండలో దిగి ఉంది.

"నోట్లో తగల్లేదు బారీ. వదిలెయ్యాలి," అంది.

బారీ లారీ నడుపుతాడు. చేపల కోసం సెలవు పెట్టి మరీ వచ్చాడు. "మింగుదామనే వచ్చింది నోలీన్. చివర్లో సిగ్గుపడి అటు తిరిగింది. అది నా తప్పా?"

"సిగ్గున్న చేపని ఎలా తింటావు మరి? వదులు."

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. నోలీన్ పటకారుతో గాలం ఊడదీసి, చేప మూతిని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని కాసేపు అలాగే నిలబెట్టింది. మొప్పలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒక్క విదిలింపుతో అది చేతుల్లోంచి జారి బూడిదరంగు నీళ్ళలో కలిసిపోయింది.

వైమారు నది సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర మార్చి నెలలో ప్రతి ఉదయమూ ఇంతే. గులకరాళ్ళ గట్టు మీద మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడి గాలాలు విసురుతుంటారు. తాము పుట్టిన గులకరాళ్ళ మేటల్లోనే గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి వచ్చే సాల్మన్లు వీళ్ళను దాటుకుని పైకి పోవాలి. ఏటేటా మనుషులు అంతేమంది ఉంటున్నారు, చేపలు తగ్గుతున్నాయి. అందుకని ఏటేటా నియమాలు బిగుస్తున్నాయి. ఎన్ని పట్టొచ్చో, ఏ గాలం వాడొచ్చో, ఎక్కడిదాకా వెయ్యొచ్చో చేపల సంరక్షణ సంఘం వాళ్ళు పట్నంలో కూర్చుని నిర్ణయిస్తారు. ఆ మాట గట్టు మీదకు వచ్చి మొహం మీద చెప్పాల్సింది సంఘం రేంజరు నోలీన్.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో, గాలికి ఎర్రబడి మళ్ళీ తెల్లబడని మొహంతో ఉంటుంది. ఈ ఉద్యోగానికి ముందు మాంసం ఫ్యాక్టరీలో గొర్రె తొడలు డబ్బాల్లో సర్దేది. చలికి అప్పుడు బిరుసెక్కిన వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. గొంతు పెంచదు. ఎవరినైనా ఒకే మాట అడుగుతుంది: "లైసెన్సు చూపిస్తావా?" సొంత మరిది దగ్గర గాలం వేసే రాడ్ లాక్కున్న మనిషని ఆమెకు పేరు. ఆ మరిది ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. కానీ ఆ పేరు వల్లే, ఆమె ఏం చెప్పినా గట్టు మీద ఎవరూ ఎదురు చెప్పరు.

"అన్నట్టు నోలీన్," బారీ దారం చుట్టుకుంటూ అన్నాడు, "పైవంతెన దగ్గర ఆ ఫిలిపీనో కుర్రాడి రాడ్ లాగేశావటగా. మంచిపని చేశావు. పైగా తప్పు ముసలి మెర్విన్ మీదకి తోసెయ్యబోయాడట."

"మన మెర్విన్ మీదకా?" పక్కనున్నాయన అన్నాడు. "వీళ్ళకి నోరు తెరిస్తే అబద్ధమే."

నోలీన్ పటకారు తుడిచి జేబులో పెట్టుకుంది. గాలి వైపు మొహం తిప్పుకుని వరసలో తర్వాతి మనిషి దగ్గరికి నడిచింది. "లైసెన్సు చూపిస్తావా?" అంది. ఆ మాట ఎవరో వేరేవాళ్ళు అన్నట్టు వినిపించింది ఆమెకు.

అది మార్చి మొదట్లో జరిగింది. పైవంతెన దాటాక సాల్మన్లు గుడ్లు పెట్టే చోటు. మార్చి వచ్చిందంటే అక్కడ ఎవరూ గాలం వెయ్యకూడదు. ఆ రోజు ఆమె బండి వంతెన మీదకు వచ్చేసరికి, విల్లో చెట్ల కింద మెర్విన్ నిలబడి ఉన్నాడు. ఎనభై దాటాయి, చూపు మందగించింది, మొగ దగ్గర కుర్రవాళ్ళ మధ్య తోసుకుని నిలబడలేడు. వెనక రాళ్ళ మీద తడి గోనెసంచీ, దాని కిందనుంచి ఒక తోక. మెర్విన్ ఆమె తండ్రికి స్నేహితుడు. గాలానికి ముడి వెయ్యడం ఆమెకు నేర్పింది అతనే. మొగుడు వదిలేసి పోయి, ఇద్దరు ఆడపిల్లలతో ఆమె మిగిలినప్పుడు, అడగకుండానే ప్రతి చలికాలం ట్రాక్టరు నిండా కట్టెలు తెచ్చి వాకిట్లో దింపి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవాడు.

వంతెన మీదనుంచి ఆమె ఈల వేసింది. అతను తల ఎత్తాడు.

"ఇంటికెళ్ళు మెర్విన్," అంది, అంతే.

చేపను సంచీతో సహా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పైన పని చూసుకుని ఆమె తిరిగి వచ్చేసరికి అదే చెట్టు కింద వేరే మనిషి. పాల ఫారంలో పనిచేసే ఫిలిపీనో కుర్రాడు రోడెల్. పక్కన గడ్డిలో అరచేతికి కాస్త పెద్దదైన ట్రౌట్ చేప ఒకటి. ఆమెను చూడగానే తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న లైసెన్సు తీసి రెండు చేతులతో అందించాడు.

"ఇక్కడ వెయ్యకూడదు. వంతెన దగ్గర బోర్డు చదవలేదా?"

"చదివాను మేడమ్. కానీ ఆ పెద్దాయన వేస్తున్నాడు కదా. ఇక్కడివాళ్ళకి తెలుస్తుంది, వెయ్యొచ్చేమో అనుకున్నాను."

"ఏ పెద్దాయన?"

"ఇందాక ఉన్నాడు కదా మేడమ్. మీరు వంతెన మీద ఆగారు కూడా. నేను అటు ఒడ్డున ఉన్నాను."

అప్పుడు ఆమె అంది. "నేనెవర్నీ చూడలేదు."

రోడెల్ ఆమె మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పిందేమోనని మళ్ళీ చూసుకునేవాడిలా చూశాడు. తర్వాత కళ్ళు దించుకుని "సరే మేడమ్" అని రాడ్ అందించాడు. కేసు కాగితంలో ఆమె రాసింది: ఇంకెవరో వేస్తున్నారని చెప్పాడు, అది నిజం కాదు.

తర్వాత ప్రతిరోజూ ఆ రాడ్ ఆమె బండి వెనకాలే ఉంది. ఆఫీసులో అప్పగించాలి. అప్పగించలేదు.

పదింటికి గట్టు మీద పని ముగించుకుని, బూట్లను సబ్బునీళ్ళ తొట్టిలో ముంచి, ఒక నది నాచు ఇంకో నదికి అంటకుండా అడుగులు బ్రష్షుతో తోముకుని, గుడిసెల వైపు నడిచింది. ముడతల రేకులతో కట్టిన చేపల వేటగాళ్ళ గుడిసెలు అవి. చివరిదాని ముందు మెర్విన్ చేపలకు పొగపట్టించే పెట్టె మూత తీస్తున్నాడు. మనూకా చెట్టు రంపపు పొట్టు కాలుతున్న వాసన.

"రా పిల్లా. వాసన పట్టుకుని వచ్చావా?"

లోపల రొట్టె ముక్క మీద వెన్న రాసి, నారింజ రంగు చేప ముక్క పరిచి ఆమె ముందు పెట్టాడు. చేతులు వణుకుతున్నా ముక్క మాత్రం ఎక్కడా చెదరలేదు. ఆమె ప్లేటు ముట్టుకోలేదు.

"ఇది పైవంతెన దగ్గరిదేనా?"

"చేపకి ఇంటిపేరుంటుందా?" నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "డీప్ ఫ్రిజ్‌లో పెట్టా. అదే ఇది."

"ఆఫీసుకెళ్తున్నా మెర్విన్. నిన్ను చూశానని చెప్పేస్తా."

టీ నీళ్ళు మరిగి కెటిల్ టక్కున ఆగింది. అతను లేవలేదు.

"ఎందుకు?"

"ఆ కుర్రాడు అబద్ధమాడాడని రాశాను. గట్టు మీద అందరూ అదే అంటున్నారు. నువ్వూ విన్నావు. విని ఊరుకున్నావు."

"నువ్వే రాశావు కదా. నీ మాట కాదని నేనెలా అంటాను?" అని, "నా లైసెన్సు పోతుంది," అన్నాడు. "మళ్ళీ ఇచ్చేసరికి నేనుంటానా?"

"ఏమో."

"మీ నాన్న ఉంటే ఈ పని చెయ్యనిచ్చేవాడు కాదు."

"నాన్న ఉంటే ఆ రోజే నీ రాడ్ తీసుకునేవాడు. నీకూ తెలుసు."

మెర్విన్ కిటికీ వైపు తిరిగాడు. ఆ కళ్ళకు సముద్రం ఒక వెలుగుగీతలా తప్ప కనిపించదు. "ఆ రోజు తీసుకుంటే ఇచ్చేవాడినే," అన్నాడు చివరికి. "తిట్టుకుంటూ ఇచ్చేవాడిని. మర్నాడు మర్చిపోయేవాడిని. ఇన్నాళ్ళు తిననిచ్చి ఇప్పుడొచ్చావు. నువ్వు చెప్పేస్తే నీ గుండె బరువు దిగుతుంది. నాకేం దిగుతుంది పిల్లా?"

ఆమె లేచి నిలబడింది. కట్టెల గురించి, ఆ చలికాలాల గురించి ఏదో ఒకటి అనాలనుకుంది. అంటే అది లంచం లెక్క తేల్చుకున్నట్టు ఉంటుందనిపించింది.

"చెప్పుకో," అన్నాడు మెర్విన్ వెనకనుంచి. "నా పేరు సరిగ్గా రాయమను. ఎప్పుడూ తప్పు రాస్తారు."

పట్నంలో సంఘం ఆఫీసుకు ఆమె వెళ్ళేసరికి, మేనేజరు గ్రాంట్ బల్ల దగ్గరే మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. ఆమెకంటే బాగా చిన్నవాడు, మంచివాడు. పూర్తిగా విన్నాడు. రొట్టె పక్కకు పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"నోలీన్, ఆ కుర్రాడు గాలం వేసిన మాట నిజమేగా?"

"నిజమే."

"మరింకేం? కేసు నిలబడుతుంది. ఇదంతా నువ్వు నాకు చెప్పనట్టు, నేను విననట్టు..."

"అబద్ధమాడాడని రాశాను గ్రాంట్. ఆడింది నేను."

గ్రాంట్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఒక కేసులో అబద్ధం రాశావని తెలిస్తే, నువ్వు రాసిన ప్రతి కేసూ తిరగదోడతారు. రేంజరు కార్డు ఉంచలేను. ఇంటికెళ్ళి ఆలోచించుకో. సోమవారం మాట్లాడదాం."

ఆమె మెడలోంచి కార్డు తీసి, రొట్టె పొట్లం పక్కన పెట్టింది. ఫోటోలో జుట్టు ఇంకా నల్లగా ఉంది. "ఆలోచించుకునే వచ్చాను," అంది. "అతని కేసు ఎత్తేస్తావా?"

"ఎత్తెయ్యక తప్పదుగా ఇప్పుడు."

"రాడ్ నేనే ఇచ్చొస్తాను."

పాల ఫారం నదికి పైగట్టున ఉంది. దారి పొడుగునా ఆమె మాటలు కూర్చుకుంది. క్షమించు అనడం తేలికే. నువ్వు చెప్పింది నిజం, నేను చూశాను అనడమే ముఖ్యం. ముందు అది అనాలి. అతని భార్య ఉంటే ఆమె వింటుండగా అనాలి. వీలైతే గట్టు మీదకు అతన్ని తీసుకెళ్ళి, బారీ వింటుండగా అనాలి.

సాయంత్రం పాలు పితికే వేళ. షెడ్డులో యంత్రం మోతకి ఫారం యజమానురాలు ట్రేసీ ఆమెను వెంటనే గమనించలేదు. పొదుగులు తుడుస్తూ, "రోడెల్ కోసమా?" అంది గట్టిగా. "వెళ్ళిపోయాడుగా. పోయిన వారమే. ఇలోయిలోకి, వాళ్ళూరికి. పెళ్ళాన్ని కూడా తీసుకుని."

నోలీన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "కేసు వల్లనా?"

"ఏమో. వాళ్ళమ్మకి బాగోలేదన్నాడు. ఇక్కడే ఉండిపోవడానికి అప్లికేషన్ పెట్టుకున్నాడు, దాంట్లో కేసులున్నాయా అని అడుగుతారట. లాయరుని చూద్దామన్నాను. వద్దన్నాడు." ట్రేసీ ఒక ఆవును ముందుకు తోలి, నడుం సరిచేసుకుంది. "జరిమానా కట్టేస్తానన్నాడు, తప్పు చేశాననే అన్నాడు. ఒక్కటే పట్టుకుని కూర్చున్నాడు. 'ఆమె నా మొహం చూస్తూ అంది ట్రేసీ, నా మొహం చూస్తూ' అని. ఏమన్నావేం?"

ఆవుల కాళ్ళ కిందనుంచి పేడనీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి.

"చూడలేదన్నాను," అంది నోలీన్. "చూశాను."

ట్రేసీ ఆమెను చూసింది. తిట్టలేదు. ఇంకో ఆవు వైపు తిరిగి, "అంత పనివాడు మళ్ళీ దొరకడు నాకు," అంది.

"అడ్రసుందా?"

"ఫోన్ నంబరుంది. పాలయ్యాక ఇస్తాను. ఇల్లు తెరిచే ఉంది, కొత్తవాళ్ళు ఆదివారం వస్తారు. రాడ్ అక్కడ పెట్టు."

పనివాళ్ళ ఇల్లు షెడ్డు వెనక, గాలికి అడ్డంగా నాటిన పైన్ చెట్ల వరస పక్కన ఉంది. లోపల నేల కడిగి ఉంది, ఒక్క మేకుకి కూడా ఏమీ వేలాడడం లేదు. రాడ్‌ను వంటగది గోడకు ఆనించింది. అది జారింది. మళ్ళీ ఆనించింది. ఫోన్‌లో ఏం చెప్పాలో, అతను అసలు ఎత్తుతాడో లేదో అనుకుంటూ పెరటి తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

పెరట్లో, ఎండ బాగా తగిలేచోట, నాలుగు కంచె కర్రలు పాతి వాటి మీద పాత కిటికీ దోమతెర ఒకటి బిగించి ఉంది, చేపలు ఎండబెట్టుకోవడానికి. మూలలు నీలిరంగు తాడుతో చక్కగా ముడివేసి ఉన్నాయి. తెర కన్నాల్లో ఉప్పు గట్టిపడి ఉంది. అక్కడక్కడా అంటుకుని ఎండిపోయిన చిన్న చిన్న పొలుసులు గాలి వీచినప్పుడల్లా లేచి, ఊడిపోకుండా, మళ్ళీ తెరకే అతుక్కుంటున్నాయి.