పడినవాడి బొమ్మ

మునికృష్ణకు మదనపల్లెలో నచ్చిన మనిషంటూ ఎవరూ లేరు. మద్రాసులో చిత్రకళ నేర్చుకుని, కొయ్యదిమ్మె మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చుతీసే పనితనంతో ఊరికి తిరిగొచ్చాడు. ఊరు మాత్రం అతనిచేత బీడీకట్టల మీద అంటించే చీటీలకు నెమళ్లు చెక్కించుకుంది. నెమలి తోక చాలదని అంగడివాడు వంకపెడితే, పెద్ద తోక చెక్కి ఇచ్చి, ఆ తరువాత అతనితో మాట్లాడటం మానేశాడు.

రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో కుప్పం నుంచి రెడ్డెప్ప అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పటాలానికి ఎండుగడ్డి సరఫరా చేసి పైకొచ్చిన మనిషి. డబ్బు చేరింది, ఇక మర్యాద కావాలి. కొడుకు గోవిందరాజులు బెంగుళూరులో చదువుతూ బాక్సింగ్ నేర్చుకున్నాడు. యుద్ధనిధి పేరుతో మదనపల్లె సంతమైదానంలో పోటీ పెడుతున్నాననీ, కొడుకు గెలిచిన బొమ్మ అచ్చువేస్తే ప్రతి అంగడిలో తగిలిస్తాననీ చెప్పాడు. ఎదుట నిలబడేది పుంగనూరు అబ్దుల్ సత్తార్. ఇప్పుడు జట్కా గుర్రాలకు తోలుపట్టీలు కుట్టుకుంటున్నా, ఒకప్పుడు కోలారు బంగారుగనుల్లో పనిచేస్తూ అక్కడే గుద్దులాట నేర్చినవాడు.

పోటీ ఇంకా జరగనే లేదు కదా, గెలుపెవరిదో ఎట్లా తెలుసని మునికృష్ణ అడిగాడు.

"అదంతా నీకేల? నా కొడుకే గెలస్తాడు. నువ్వు బొమ్మ సంగతి సూసుకో" అన్నాడు రెడ్డెప్ప.

ఆ మాట విన్నాకే మునికృష్ణ ఒప్పుకున్నాడు. అంత సిగ్గులేనితనాన్ని దగ్గరనుంచి చూసే అవకాశం వదులుకోబుద్ధి కాలేదు.

పోటీనాడు వెదురుబొంగులకు తాళ్లు కట్టి బరి తయారుచేశారు. ముందువరుస కుర్చీల్లో ఊరి పెద్దమనుషులు పెళ్లికొచ్చినట్టు ఇస్త్రీబట్టల్లో కూర్చుని, ఆట తెలిసినవాళ్లలా ఒకరికొకరు వివరించుకుంటున్నారు. తీర్పు చెప్పేవాడు రెడ్డెప్ప బావమరిది. ఆ ఆటను ఆయన కూడా ఆరోజే మొదటిసారి చూస్తున్నాడు. మునికృష్ణ తాళ్ల పక్కనే నిలబడి పెన్సిలుతో గీస్తూపోయాడు.

రెండో రౌండులో సత్తార్ ఎడమ పిడికిలి గోవిందరాజులు డొక్కలో దిగింది. అతను నోరు తెరుచుకుని కూలిపోయాడు. పదిదాకా లెక్కపెట్టి ఓడాడనాల్సిన బావమరిది బావవైపు చూశాడు. రెడ్డెప్ప కుర్చీలోంచి లేచి, రౌండు అయిపోయినట్టు తానే గంట కొట్టేశాడు. బావమరిది గోవిందరాజులును చంకల కింద పట్టి లేపి, చెయ్యి పైకెత్తి, గెలిచాడన్నాడు. అంతా కళ్లారా చూసిన జనమే చప్పట్లు కొట్టారు. సత్తార్ గ్లౌజులు విప్పి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు.

మునికృష్ణ చూసిందే చెక్కాడు. దిమ్మె మీద బొమ్మను అద్దంలోలా తిరగేసి గీసుకుని, తెల్లగా రావలసిన చోటల్లా కొయ్య తవ్వేశాడు. సత్తార్ వంగిన వీపు, నేలమీద గోవిందరాజులు, గంటమీద రెడ్డెప్ప చెయ్యి, వెనక పళ్లు బయటపెట్టి చప్పట్లు కొడుతున్న పెద్దమనుషులు. ఒక్కొక్క ముఖం చెక్కుతుంటే పేను నొక్కినంత తృప్తి కలిగింది.

రెడ్డెప్ప వచ్చి అచ్చు చూశాడు. బొమ్మలో కొడుకును లేపి నిలబెట్టమన్నాడు.

"దిమ్మెలోంచి తీసేసేకే అయితాదన్నా, తిరిగి పెట్టేకి కాదు. కావాలంటే మీవాణ్ణి తీసేస్తా" అన్నాడు మునికృష్ణ.

రెడ్డెప్ప అచ్చును చించి, దిమ్మెను తీసుకుపోయి వీధిలోనే టీ అంగడి పొయ్యిలో వేయించాడు. మునికృష్ణ గడపలో నిలబడి, అది కాలుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. మరో అచ్చు లోపల ఆరుతోంది.

వారం తిరక్కముందే గోవిందరాజులు ఒక్కడే వచ్చాడు. డొక్క నొప్పి ఇంకా పోలేదేమో, ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు. తండ్రి పంపితే బతిమాలడానికి వచ్చాడనుకుని మునికృష్ణ కూర్చోమని కూడా అనలేదు. అతను బొమ్మ చూపించమన్నాడు. మునికృష్ణ దాన్ని ముఖం మీదికి విసిరినట్టే ఇచ్చాడు.

గోవిందరాజులు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"ఇది తప్పప్పా. నా రెండు మోకాళ్లూ నేలకు ఆనినాయి. నువ్వు ఒగటే ఏసినావు" అన్నాడు.

మునికృష్ణకు చెంప చెళ్లుమన్నట్టయింది. ఆరోజు గీసిన కాగితం తీశాడు. రెండు మోకాళ్లే. చెక్కేటప్పుడు ఒక కాలు లేపితే బొమ్మకు ఊపు వస్తుందని తోచింది. లేపేశాడు. నెమలి తోకను సాగదీయమన్న అంగడివాణ్ణి ఇన్నాళ్లూ అసహ్యించుకున్న చెయ్యి, ఎవరూ అడగకుండానే ఆ పని చేసింది.

"మళ్లీ చెక్కప్పా. నేనెట్ల పడినానో సూపిస్తా" అంటూ గోవిందరాజులు చొక్కా విప్పి, కొయ్యపొట్టు మధ్య మోకాళ్లమీద కూలబడ్డాడు. డొక్క పట్టుకుని నోరు తెరిచాడు. నొప్పి నటించాల్సిన పని లేకపోయింది. మునికృష్ణ ఈసారి రెండు మోకాళ్లూ నేలకు ఆనించే గీసి, కొత్త దిమ్మె మీద చెక్కాడు.

కొత్త అచ్చు ఆరాక గోవిందరాజులే పుంగనూరు తీసుకెళ్లి సత్తార్‌కు ఇచ్చాడు. సత్తార్ ఎంతోసేపు చూసి, డొక్క నొప్పి తగ్గిందా అని అడిగాడనీ, భార్య జహీరా టీ పెట్టి ఇచ్చిందనీ, అచ్చును అంగడిలో తోలుపట్టీల పైన అంటించారనీ మునికృష్ణకు తరువాత తెలిసింది. గోవిందరాజులు అక్కడే ఉండి, పొద్దున్నే సత్తార్ దగ్గర గుద్దులాట మొదటినుంచి నేర్చుకోసాగాడు.

రెడ్డెప్ప కారేసుకుని వచ్చి పిలిచినా, కొడుకు ఎక్కలేదు. ఆయన కుప్పం తిరిగిపోయి, ఆ బొమ్మలో పడినవాడు తన కొడుకు కాదనీ, ఎవడో కోలారువాడనీ అందరికీ చెప్పుకున్నాడు. పోటీ చూడటానికి కుప్పం నుంచి బండ్లు కట్టుకుని వెళ్లినవాళ్లే, అవునవునని తలలూపారు.