కాగితాల వెనకవైపు

ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటులో మా పెద్దమ్మ పేరు వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు. ఆమె పదకొండేళ్లు కార్యదర్శిగా నడిపిన మహిళా సంఘం పేరు కొట్టినా అంతే. పెదనాన్న పేరు కొట్టగానే తొమ్మిది పెట్టెలు కనిపించాయి: 'న్యాయమూర్తిగారి తీర్పుల చిత్తుప్రతులు'. కింద చిన్న అక్షరాలలో ఒక గమనిక: స్కానింగు పూర్తయిన కాగితాలు పల్పు మిల్లుకు పంపబడును.

స్కాన్ చేసినవి తెరిచి చూశాను. కాగితం కరువైన ఆ రోజుల్లో, పెదనాన్న పారేసిన చిత్తుల వెనకవైపునే పెద్దమ్మ సంఘం మినిట్సు రాసేది. వాటికి మరో ప్రతి లేదు. తెరమీద అన్నీ ముందువైపులే. వెనకవైపు ఒక్కటీ లేదు.

మర్నాడు తలుపులు తీసే వేళకే అక్కడున్నాను. స్కానింగు గదిలోని ఉద్యోగిని నన్ను 'పిన్నిగారూ' అని పిలిచి కుర్చీ వేసింది. వెనకవైపు పెన్సిలు రాతలుంటే 'పిచ్చిగీతలు' అని నమోదు చేసి వదిలేయాలన్నది తమకిచ్చిన నియమమని, ఆరు పెట్టెలు కిందటి వారమే మిల్లుకు వెళ్లాయని, మిగిలిన మూడూ మధ్యాహ్నం బండికి వెళ్తాయని చెప్పింది.

ఏడో పెట్టెలోని పైకాగితం తిప్పి ఆమె చేతికిచ్చాను. ప్రసవమైన పదో రోజున పనిలోకి రాలేదని బట్టల మిల్లునుంచి తీసేసిన నలుగురి పేర్లు, వారి తరఫున యజమానిని కలవవలసిన ఇద్దరి పేర్లు, హాజరు పదిహేడు. ఆమె చదివింది. రెండో కాగితం తనే తిప్పింది.

ఇంతలో అధికారి వచ్చాడు. "వంటింటి జాబితాలేవో అనుకున్నామండీ," అన్నాడు.

"అనుకోవడానికైనా తిప్పి చూడాలి కదా, బాబూ."

ఉద్యోగిని నవ్వు మింగబోయి దగ్గింది. ఆయన బండిని ఆపించాడు. మూడు పెట్టెలూ రెండువైపులా స్కాన్ చేయించి, వెనకవైపు పెద్దమ్మ రాసినదని పేరు పెట్టడానికి ఒప్పుకున్నాడు. పోయిన ఆరింటి ఎదుట మాత్రం 'వెనకవైపు లభ్యం కాదు' అని టైపు చేశాడు.

"లభ్యం కాకపోవడం వేరు, మీరు చదవకుండా పంపెయ్యడం వేరు. జరిగిందే రాయండి," అన్నాను.

అలా రాస్తే పైవాళ్లు తన తల తింటారని, సర్వీసులో ఇదే ఆఖరి సంవత్సరమని, పెద్దవారు మీరే అర్థం చేసుకోవాలని ఆయన చాలాసేపు బతిమాలాడు. అంతా విన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

చివరికి ఉద్యోగిని కీబోర్డు తనవైపు లాక్కుంది. 'వెనకవైపు మహిళా సంఘం మినిట్సు. ఈ కార్యాలయం చదవకుండా పల్పుకు పంపినది.' ఆరు పెట్టెల ఎదుటా ఆరుసార్లు, కాపీ-పేస్టు చేయకుండా, టైపు చేసింది. అధికారి చెరపమనలేదు.