గాలి చొరని కొట్టం

వాసన మొదటిసారి మంగళవారం మధ్యాహ్నం వచ్చింది.

నాగేంద్రమ్మ పెరట్లో చీర ఆరేస్తోంది. ఆషాఢం గాలి గద్వాల కోట మీదుగా దుమ్మెత్తుకొచ్చి తడిచీరను ఆమె చేతుల్లోంచి గుంజుకుంటోంది. ఆ గాలితో పెనుగులాడటం కూడా ఆమెకు ఆటలాగే ఉంది. పెళ్ళయి నెల నిండలేదు మరి. ఈ ఇంట్లో ఏది చూసినా ముచ్చటే. బావి గిలక కీచుమంటే ముచ్చట, అత్త రంగమ్మ నిద్రలో గొణిగితే ముచ్చట, మొగుడు కురుమూర్తి అన్నం తింటూ తింటూ ఏదో గుర్తొచ్చి కంచం అంచు మీద వేలితో టక్‌మని కొట్టి చెవి వొగ్గితే మరీ ముచ్చట.

కురుమూర్తిది వడ్రంగమే కానీ నాగళ్ళూ బండిచక్రాలూ కాదు. తాత కాలం నుంచి తంబురలూ వీణలూ చేసే ఇల్లు అది. పెరటి చివర పెంకుల కొట్టంలో అతని పని. పెళ్ళయినప్పటి నుంచీ నాగేంద్రమ్మ మధ్యాహ్నాలన్నీ ఆ కొట్టంలోనే గడిచాయి. చెక్కను నున్న చేసే రంద పడితే లేచే చెక్కపొట్టు చుట్టలు చుట్టుకుని రాలేది. వాటిని ఉంగరాల్లా పదివేళ్ళకూ తొడుక్కునేది. రాజోలి కంసాలి పిల్ల చెక్క ఉంగరాలు తొడుక్కుందని తెలిస్తే మా నాయిన కుంపటి ఆర్పేస్తడని చెప్పి తనే నవ్వేది.

ఆ కొట్టానికి ఇప్పుడు లోపల గడియ పడింది. కిటికీకి గోనెపట్టా వేలాడింది. పెంకుల సందుల్లోంచి సన్నగా పొగ లేచింది. ఆ పొగతోపాటే వాసన.

అది కట్టె కాలిన వాసన కాదు. లక్క వాసన ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, అదీ కాదు. జిడ్డుగా, బరువుగా, ఏదో ఉడుకుతున్న వాసన. రాజోలిలో ఏటికి పోయే దారిలో కసాయి దుకాణం ఉన్న ఒక మలుపు దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటేవాళ్ళు చిన్నప్పుడు. ఆ మలుపు గుర్తొచ్చింది. చీర చేతిలోంచి జారి మట్టిలో పడింది.

సాయంత్రం కురుమూర్తి కొట్టంలోంచి వచ్చి, ఇంట్లో అడుగుపెట్టకుండా నేరుగా బావి దగ్గరికి పోయాడు. నాలుగు చేదలు గుమ్మరించుకున్నాడు. రంగమ్మ పొడిపంచె దూరం నుంచి విసిరింది. కంచం ముందు కూచుని రెండు ముద్దలు తిని లేచాడు.

"కడుపు నిండిందా?" అంది నాగేంద్రమ్మ.

"ఆకలి లేదే," అన్నాడు అతను, ఆమె వైపు చూడకుండా.

ఆకలి ఎందుకు లేదు? పొద్దున తాగిన గంజి తప్ప ఏమీ తినని మనిషికి?

కొట్టంలో జరిగే పని ఏమిటో ఊరికంతా తెలుసు. మిషన్ బంగళా దొరసాని దగ్గర ఒక పాత గిటారు ఉండేది. మొన్న ఎండాకాలం పాలమూరు ఎండకు దాని పొట్ట నిలువునా పగిలింది. యుద్ధం మొదలైన తర్వాత ఓడల్లో అలాంటి సామాన్లు రావడం ఆగిపోయింది. మిషన్ బడిలో పాటలు నేర్పే మాసయ్య ఆ పగిలినదాన్ని దుప్పట్లో చుట్టుకుని తెచ్చి, "ఉస్తాదూ, వీణ చేసే చెయ్యి గిది చెయ్యలేదా? మా బడి పిల్లలు కిరిస్మసుకు పాడాలె," అన్నాడు. కురుమూర్తి మూడు రోజులు దాన్ని విప్పి, కొలిచి, లోపలి పుల్లలన్నీ లెక్కపెట్టి, సరేనన్నాడు. పక్కలకు ఇరుగుడు చెక్క. పై చెక్కకు బంగళా హార్మోనియం వచ్చిన దేవదారు పెట్టె. పక్క చెక్కలను తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద వంచుతుంటే నాగేంద్రమ్మే పక్కన నిలబడి నీళ్ళు చిలకరించింది. సొరకాయను నిలువునా కోసినట్టు ఆ వంపు తేలినప్పుడు ఆమె చప్పట్లు కొట్టింది.

అంతవరకూ చూడనిచ్చిన మనిషి ఇప్పుడెందుకు గడియ వేశాడు?

బుధవారం ఆమె అత్తను పట్టుకుంది.

"అత్తమ్మా, కొట్టంల ఏం ఉడుకుతున్నది?"

రంగమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. చాట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది.

"మొగోళ్ళ పని. మనకెందుకు బిడ్డా?"

"మొన్నటిదాంక నేను పోయినదాన్నే గద."

"మొన్న వేరు, ఇయ్యాల వేరు. ఆ దిక్కు పోకు. పోతే స్నానం చేయాల్సి వస్తది, ఈ గాలికి జలుబు చేస్తది. రాళ్ళు ఏరు, ఇంద."

ఆ జవాబు అడగకముందుకన్నా ఎక్కువ భయపెట్టింది. పోతే స్నానం చేయాల్సి వచ్చేది ఏముంటుంది?

మధ్యాహ్నం మాసయ్య వచ్చాడు. చంకలో తడిసిన గోనెమూట. లందల దిక్కు నుంచి వస్తున్నాడు. తోళ్ళు నానబెట్టే గుంతలు తప్ప ఆ దిక్కున వేరే ఏమీ లేవు. నాగేంద్రమ్మను చూసి నవ్వబోయి, మూటను వీపు వెనక్కి మార్చుకున్నాడు.

"ఏం తెచ్చినవు మాసయ్యా?"

"ఏం లేదమ్మా. ఉస్తాదు చెప్పిండు, తెచ్చిన. మీ ఆయననే అడుగు."

కొట్టం తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది, మూటను మింగింది, మూసుకుంది. కాసేపటికి పొగ చిక్కబడింది.

ఆమె తలుపు పక్కన చెక్క పగులుకు కన్ను ఆనించింది. లోపల మసకగా ఉంది. మొగుడి వీపు. పొయ్యి మీద రాగి గిన్నె. అతను పుల్లతో కలిపాడు, వేలు ముంచాడు, చెయ్యి మొహం దగ్గరికి ఎత్తాడు. వీపు అడ్డం. చెయ్యి ఎక్కడిదాకా పోయిందో కనపడలేదు. కానీ తల ఊపాడు, ఉప్పు సరిపోయిందన్నట్టు.

నాగేంద్రమ్మ వెనక్కి నడిచి వచ్చి బావి గట్టు మీద కూలబడింది.

ఆమెకో మేనత్త ఉంది. లక్ష్మీదేవమ్మ. పదమూడేళ్ళ కిందట ఆమె మొగుడు సంతలో మాంసం తిన్నాడని ఎవరో చెప్తే, నాగేంద్రమ్మ తండ్రి బండి కట్టుకుని పోయి చెల్లెల్ని తెచ్చేసుకున్నాడు. ఆ మొగుడు వచ్చి గడప బయట నిలబడి రెండు రోజులు బతిమాలాడు. తండ్రి తలుపు తియ్యలేదు. లక్ష్మీదేవమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది, పిండి విసురుతూ. ఆమె నవ్వడం నాగేంద్రమ్మ ఎన్నడూ చూడలేదు.

ఆషాఢం కాబట్టి కొత్తకోడల్ని పుట్టింటికి తీసుకుపోవడానికి శుక్రవారం అన్న తిమ్మప్ప వస్తాడు. దారంతా అడుగుతాడు, అత్తింట్ల ఎట్లుంది చెల్లే అని. ఒక్క మాట నోరు జారితే శ్రావణంలో ఆమెను వెనక్కి పంపరు. జారకపోతే? తెలిసి తెలిసి అదే కుండలో అన్నం తిని, తండ్రి కంచంలో వడ్డించాలి. ఏ దిక్కు చూసినా దారి లేదు. అన్నిటికన్నా నొప్పి ఏమిటంటే, ఆ మనిషి అంటే ఆమెకు ఇష్టం. వాసన పట్టిన ఆ వీపు అంటే కూడా.

గురువారం అంతా అతన్ని గమనిస్తూ గడిపింది. గోళ్ళు చూసింది, చివర్లలో గోధుమరంగు ఎండి ఉంది. మాట్లాడితే నోటి దగ్గరికి జరిగి వాసన చూసింది. కురుమూర్తి మురిసిపోయి ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. ఆమె దిగ్గున వెనక్కి జరిగింది. అతని మొహంలో వెలుగు ఆరిపోయింది.

"పరేషాన్‌గ ఉన్నవేందే?"

"నాకేం లేదు. నీకే ఏమన్న చెప్పాల్సింది ఉన్నదేమో."

అతను నోరు తెరిచాడు. వంటింట్లో రంగమ్మ గట్టిగా దగ్గింది. అతను నోరు మూశాడు.

ఓహో, తల్లీ కొడుకూ ఒక్కటే అన్నమాట.

శుక్రవారం పొద్దెక్కాక తిమ్మప్ప బండి వచ్చింది. మనిషి ఆరడుగులు, మీసాలు, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. అరుగు మీద కూచుంటూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఏం చెల్లే, చిక్కిపోయినవు. అన్నం పెడ్తలేరా?"

"పెడ్తుండ్రు."

"మరి గా మొహమేంది? సరే, మూట కట్టుకో. ఎండ ముదరకముందే ఏరు దాటాలె. బావకు చెప్పిరా పో."

నాగేంద్రమ్మ పెరట్లోకి నడిచింది. ఒక్కసారి కళ్ళారా చూసి పోవాలి. మంచో చెడో, చూడకుండా మాత్రం బండెక్కకూడదు. తలుపు మీద అరచేత్తో కొట్టింది.

"తియ్యి. మా అన్నొచ్చిండు. పోతున్న."

లోపల ఏదో జారి పడిన చప్పుడు. ఆ వెంటనే కురుమూర్తి గొంతు, ఏడవబోతున్నట్టు:

"మాసయ్య ఉన్నడా బయట?"

"లేడు. నేనే."

గడియ ఊడింది. ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టి లోపలికి లాగింది. తలుపు మళ్ళీ మూసుకుంది. లోపల కొలిమి ముందు కూచున్నట్టు వేడి. బల్ల మీద గిటారు పొట్ట తెరిచి ఉంది. అంచు చుట్టూ తేనెలా ఏదో పూసి, ఆవిరి కక్కుతోంది. పొయ్యి మీద రాగి గిన్నె. అందులో మెత్తబడి కరుగుతున్న తోలు ముక్కలు. గిన్నె పక్కన కంచం లేదు, ఆకు లేదు, ఉప్పు లేదు.

"పట్టు!" అన్నాడు అతను. "పై చెక్క ఈడ ఒత్తు, రెండు చేతులతోని. మాసయ్య వస్తనని బడిల ఇరుక్కున్నడు. తాడు చుట్టనీకె నాకు రెండు చేతులు చాలుతలేవు."

"ఏంది గది?"

"సరేసు. తోలు బంక. సల్లారితే గడ్డకడ్తది, నూరు లెక్కపెట్టే లోపల మూయాలె. నన్ను తర్వాత తిట్టు, ముందు పట్టు!"

"నువ్వు తింటలేవా?"

అతను తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏంది తినేది? గిదా? గిది తింటే పేగులన్నీ ఒక్కటే అతుక్కుంటయి గద!"

"వేలు ముంచి నోట్ల పెట్టుకున్నవు. నేను చూసిన."

"నోట్ల గాదే, రెండు వేళ్ళ నడుమ! దారం సాగుతున్నదా లేదా అని. పట్టవే తల్లీ, సల్లారిపోతున్నది!"

అప్పుడు గానీ ఆమెకు ఆ కిటికీ పట్టా, ఆ గడియ, అన్నీ అర్థం కాలేదు. ఈ మాయదారి ఆషాఢం గాలి ఒక్క జాడ సోకినా ఆ తేనె రంగు పూత రాయైపోతుంది. ఇన్నాళ్ళ పని, ఆమె నీళ్ళు చిలకరించిన ఆ వంపులు, అన్నీ పాడు.

చేతులు మాత్రం కదల్లేదు. ఆ అంచు మీద ఉన్నది తోలు. ఏ జీవిదో. ముట్టుకుంటే ఇక తాను చూసిన మనిషి కాదు, చేసిన మనిషి.

కురుమూర్తి తాడు చుట్టడం మొదలుపెట్టాడు, ఒంటిచేత్తో, మోకాలితో చెక్కను అదిమి. చెక్క ఒక పక్క లేచింది. అతను ఆమెను మళ్ళీ అడగలేదు.

నాగేంద్రమ్మ రెండు అరచేతులూ ఆనించి బలంగా ఒత్తింది. అంచు సందులోంచి బంక ముత్యాల్లా ఉబికి ఆమె వేళ్ళకు వెచ్చగా తగిలింది.

"ఎందుకు చెప్పలే?" అంది పళ్ళు బిగించి.

"యుద్ధానికి ముందు బజార్ల దొరికేది, బెల్లం అచ్చులు ఉన్నట్టు. దేంతోని చేస్తరో మేం అడగలే, వాళ్ళు చెప్పలే. తాత కాలం నుంచి అన్ని తంబురలూ దాంతోనే. ఇప్పుడు అచ్చులు వస్తలెవ్వు. మనమే ఉడికించాలె." అతను తాడు బిగిసేట్టు దాని కింద చెక్క చీలిక దిగ్గొట్టాడు. "మీ ఇంటి సంగతి మా అమ్మకు తెలుసు. మీ మేనత్త సంగతి. చెప్తే కోడలు పోతది, ఊకో అన్నది."

బయట అడుగుల చప్పుడు. పెద్ద అడుగులు.

"చెల్లే!" తిమ్మప్ప తలుపు మీద గుద్దాడు. "ఏం చేస్తున్నరు లోపల దర్వాజ వేసుకొని? గీ కంపేంది?"

కురుమూర్తి మొహం తెల్లబడింది. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఏదో ఒకటి చెప్పు, చెక్క కాలుతున్నదని చెప్పు, అని పెదవులతో అన్నాడు.

"అన్నా, జర ఆగు. చేతులు ఖాళీ లెవ్వు."

"ఏం ఉడుకుతున్నదని అడుగుతున్న!"

మూడు రోజులుగా ఇదే ప్రశ్న ఆమె అందర్నీ అడిగింది. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మొహం తిప్పుకున్నారు. అబద్ధం చెప్తే తన అన్న కూడా ఇంటికి పోయి, రాత్రంతా కూచుని, మిగిలింది తనకు తోచినట్టు పూర్తి చేసుకుంటాడు.

"తోలు," అంది గట్టిగా. "తోలు ఉడుకుతున్నది. బంక. నేను ఒత్తిపట్టుకున్న."

తిమ్మప్ప అడుగు ఒకటి వెనక్కి పడిన చప్పుడు.

"బావ తిండికేం గాదు. తినేదైతే నేనే చెప్పేదాన్ని. నాయినకు చెప్పుకో పో. చెప్పేముందు ఒక్కటి చూడు. పొద్దందాక నువ్వు కొలిమి కాడ ఊదే తిత్తి దేంతోని కుట్టిండ్రో చూడు. పండుగ పూట దానికి బొట్టు పెడ్తవు గద అన్నా. ఏ మేకను అడిగి తెచ్చినవు?"

"నోరు బాగ లేచిందే నీకు," అన్నాడు తిమ్మప్ప. కానీ ఆ మాట నెమ్మదిగా వచ్చింది. మళ్ళీ, "మేకదో, బర్రెదో. మన తాత కొన్నడు. నాకు తెల్వదు," అన్నాడు.

"నేనొస్త నీతోని. ఆషాఢం ఉంట. శ్రావణంల మళ్ళ నువ్వే తోలుకరావాలె. తోలుకరాను అంటే ఇప్పుడే చెప్పు, నేను బండెక్క."

కురుమూర్తి ఆఖరి చీలిక మీద సుత్తి ఎత్తి, కొట్టడం మరిచిపోయి, అలాగే ఉన్నాడు.

అవతల రంగమ్మ గొంతు వినిపించింది. "ఎండన వచ్చినవు నాయనా. నీళ్ళు తాగు." ఆమె నీళ్ళ చెంబు ఎప్పుడు తెచ్చిందో, ఎంతసేపటి నుంచి పట్టుకుని నిలబడిందో.

నాగేంద్రమ్మ చేతుల కింద చెక్క వెచ్చదనం తగ్గుతోంది. బంక బిగుస్తోంది. ఇక వదిలినా ఊడదని తెలిసి కూడా ఆమె వదల్లేదు. తలుపు వైపే చూస్తోంది.

గాజుల చప్పుడు. ఇత్తడి చెంబు చేతులు మారిన చప్పుడు. ఆ తర్వాత, చాలాసేపటికి, గుటకలు.

"నీళ్ళు ఉప్పగున్నయి మీ గద్వాలల," అన్నాడు తిమ్మప్ప. "ఇంకో చెంబు తే అత్తా. ఎడ్లను కూడ ఇప్పుత. వాళ్ళ పని ఎప్పటికి అయితదో ఏమో."