ఐదు శ్రుతి

"ఆ పాతపెట్టె తుడిచింది చాలుగానీ, మిరియాల కషాయం అయిందా?" అన్నారు మా ఆయన. పాతపెట్టె అంటే మా నాన్న నాకిచ్చిన కాళ్ల హార్మోనియం. కాళ్లతో తొక్కుతుంటే గాలి నిండి పలుకుతుంది. పద్యనాటకాల్లో ఆయన కృష్ణుడు, రంగస్థలం పక్కన హార్మోనియం నేను. ఇరవై రెండేళ్లుగా ఇంతే. కరపత్రంలో మాత్రం 'హార్మోనియం: బసవేశ్వరరావు గారి సతీమణి'. కోటిరత్నం అని వేస్తే చోటు చాలదట!

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారికి నా వాయింపు కంటే నా కాళ్ల మీదే దృష్టి. "ఆడది కాళ్లు ఊపితే ఇంటికి అరిష్టం. నలుగుర్లో ఆ తొక్కుడేంటి?" అని హార్మోనియం కింద అడ్డంగా దుప్పటి కట్టించారు. ఆ దుప్పటి ఉతికే పనీ నాదే.

ఆయన ఐదు శ్రుతిలో, అంత ఎత్తున పాడతారని తెనాలి నుంచి రేపల్లె దాకా పేరు. నిజానికి ఆ గొంతు ఐదు అందుకోలేక పదేళ్లయింది. బాపట్లలో ఒకసారి రాగం మధ్యలో జీరపోతుంటే, పరువు పోతుందని, తర్వాతి పద్యానికి చెప్పకుండా శ్రుతి దించేశాను. అప్పట్నుంచీ మూడున్నరలోనే వాయిస్తున్నాను. ఆయన ఊపిరి చాలని చోట నేను ఇంకాస్త తొక్కి స్వరాన్ని సాగదీస్తాను. జనం వన్స్‌మోర్ అంటారు. ఆయన ఇంటికొచ్చి, "చూశావా, ఇప్పటికీ ఐదే!" అంటారు. నేను అన్నం వడ్డిస్తాను.

ఈసారి తెనాలి పోటీలకని కీబోర్డు కొన్నారు. "మీట నొక్కితే ఏ శ్రుతి కావాలంటే అది వస్తుంది. ఇంక ఎవరు వాయించినా ఒకటే. నువ్వు హాయిగా టిఫిన్లు చూసుకో. ఆ పెట్టె మీద టీవీ పెట్టుకుందాం." కీబోర్డు బాగానే మోగుతుంది, కాదనను. కానీ మనిషి ఆయాసం దానికెక్కడ తెలుస్తుంది? నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరు వాయించినా ఒకటేనా?

పోటీ రోజు నేను లోపల ఇడ్లీ పొట్లాలు పంచుతుంటే, కీబోర్డు వాయించడానికి వచ్చిన హేమంత్ గారు దగ్గరికొచ్చారు.

"అక్కా, సార్‌కి ఏ శ్రుతి పెట్టమంటారండి?"

మూడున్నర అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం ముందు కిరీటం సర్దుకుంటున్న మా ఆయన వెనక్కి తిరిగారు.

"ఐదని చెప్పానుగా! దాన్నడుగుతావేంటయ్యా, దానికేం తెలుసు?"

"ఐదేనండి," అన్నాను.

పొట్లాలు అక్కడే పెట్టేసి, వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. తెర లేచింది. కీబోర్డు ఐదులో పలికింది. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేను కాలు మీద కాలేసుకుని, అందరికీ కనిపించేలా ఊపుతున్నాను.