వెదురుపుల్ల మీద తడి

కొరాపుట్ శివారులో, కొండదారి ఘాటీ దిగుడు మొదలయ్యే చోట మా వలిసెల నూనెగింజల గోదాము. లారీ టాంకులో వెదురుపుల్ల ముంచి చూడడం ఒకప్పుడు డ్రైవరు గున్నయ్య పని. పెట్రోలు ఇంజను తీయించి డీజిలుది వేయించాక, ముంచడం అతనికి వదిలి చూడడం నేను తీసుకున్నాను. పుల్లకి గాట్లు కూడా నేనే పెట్టాను. రాయగడ స్టేషనులో సరుకు దింపి తిరిగొచ్చాక ఎన్ని గాట్ల మేర తడి తగ్గిందో చూసేవాణ్ణి.

కొత్త ఇంజనుకి బలముంది. తిరుగుదారిలో ఉప్పు బస్తాలతో సైతం ఘాటీ ఎక్కేది. అయినా మొదటి నెలంతా ట్రిప్పుకి ఆరేసి గాట్లు తగ్గేవి.

"డీజిలు ఇంజను తాగుతున్నాదా, నువ్వు తాగుతున్నావా గున్నయ్యా?" అన్నానొక రోజు. హమాలీలు నవ్వారు. గున్నయ్యా నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

ఆ తర్వాత నాలుగు గాట్లే తగ్గడం మొదలైంది. ఎలాగని నేను అడగలేదు.

పోయిన మంగళవారం రాయగడలో పనిపడి అతని పక్కన కూర్చున్నాను. రెండో మలుపులో గున్నయ్య గేరు తీసి, ఇంజను ఆపేశాడు.

"ఏటైందిరా?"

"ఏటీ అవనేదు బాబూ. ఇక్కడ్నించి డీజిలు అక్కర్నేదు. కొండే దింపుతాది."

"బ్రేకులో?"

"ఉన్నాయి. కూసింత ఏడెక్కుతాయి. ఇంజనూ తాగనేదు, నానూ తాగనేదు. సూసేరా?"

గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే పట్టేవి బ్రేకులొక్కటే. ఈ సంగతి లారీ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇంజను చప్పుడు పోయేసరికి, బస్తాల మీద తాళ్ళు కిర్రుమనడం వినిపించింది. టైర్ల కింద నుంచి రాళ్ళు లోయలోకి దొర్లుతున్నాయి. కాలిన వాసన వేసింది. ఒక మలుపులో గున్నయ్య బ్రేకు తొక్కి, వెంటనే మళ్ళీ తొక్కాడు. మొదటి తొక్కుకి బండి నిదానించలేదు.

తలుపు పిడి పట్టుకున్నాను. కానీ అదే సమయంలో మనసు, ఇక్కడ అర గాటు మిగిలింది, ఇక్కడ మరో పావు గాటు, అని లెక్కపెట్టుకుంటూనే ఉంది. ప్రాణభయంతో బిగుసుకుపోయిన మనిషీ, గాట్లు లెక్కపెట్టే మనిషీ ఒకే సీటులో కూర్చున్నారు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తిరుగు ప్రయాణానికి నేను బస్సెక్కాను.

ఇవాళ పొద్దున్న మళ్ళీ సరుకు వేశారు. బయల్దేరే వేళకి కేబినులో గున్నయ్య భార్య దేముడమ్మ రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాయగడలో అక్కగారింటికి.

"దేముడమ్మా, దిగు. బస్సులో ఎల్దువుగాని. టికెట్టు నేను కొంటాను."

"బస్సెక్కితే నాకు కక్కులు బాబూ. మా ఆయన బండుండగా మరో బండెందుకు?"

"కేబినులో ఉడుకు."

"పొద్దున్నే ఉడుకేటి బాబూ!"

"దిగమన్నానా!"

ఆవిడ దిగింది. గున్నయ్య స్టీరింగు మీద చేతులు ఉంచి నన్ను చూశాడు.

"మరి నానొక్కడ్నీ ఎల్లొచ్చా బాబూ?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు, జవాబు కోసం ఆగాడు. 'గేరులో దిగు' అంటే చాలు. అలా అంటే ఇకనుంచి ఆరు గాట్లు తగ్గినా నోరెత్తకూడదు. ఆ నెల హమాలీల ముందు అన్న మాట కూడా వెనక్కి తీసుకోవాలి.

"పుల్ల ముంచేవా?" అన్నాను.

"ముంచేను. నిండుగా ఉన్నాది." పుల్ల నా చేతికిచ్చి బండి కదిలించాడు.

దేముడమ్మ పెట్టె కింద పెట్టి నా పక్కనే నిలబడింది. ఇంజను చప్పుడు మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దగ్గర ఒక్కసారిగా ఆగిపోయింది.

"సప్పుడు నేదేటి బాబూ? బండాగిపోనాదా?"

"లేదు," అన్నాను. "కొండ అడ్డొచ్చింది."

ఆవిడ తలూపి, దారికేసే చూస్తూ నిలబడింది. నా చేతిలో పుల్ల మీద తడి ఇంకా ఆరలేదు.