పీఠికయందే యింకిన నీరు

శరదృతువు కడపటి దినములవి. ఒలీవల కోత ముగించుకొని తొలకరి కెదురు చూచుచున్న యూదయతీరమున గైసరయ పట్టణము పశ్చిమసముద్రఘోష నాలకించుచు బాలసూర్యకిరణసంస్పర్శమున మెల్లమెల్లగ మేలుకొనుచుండెను. పాలఱాతి స్తంభపంక్తులతో నధిపతి ప్రాసాదము శ్వేతహంసవలె నలలలోనికి జొచ్చుకొని నిలువ దాని నీడలో నౌకలు తెఱచాపలు ముడుచుకొని నిదురించుచుండెను. ఎందుండియో వచ్చిన మేఘమొకటి పట్టణముపై గొంతసేపు గంభీరముగ నిలిచి గర్జించి యొక్క చినుకైన రాల్పకయే తీరము దాటిపోయెను.

ఆ పట్టణమున వక్తగా బేరువడసిన యెల్యాదా యింట నా యుదయమున నొక చిన్న కలహము పుట్టెను. ఆతని భార్య మిల్కా చిక్కుడుగింజల పులుసు వడ్డించి "ఉప్పు చాలునా?" యని యడిగెను. ఎల్యాదా యొక గుటక మ్రింగి కనులరమోడ్చి కుడిచేయి మెల్లగ బైకెత్తెను.

"రత్నాకరుడే తన సారసర్వస్వమును నీ కరతలమున నర్పించి ధన్యుడయ్యెనో లేక నీ హస్తస్పర్శమాత్రముననే యీ గింజలు—"

"నే నడిగినది యుప్పుమాట. చాలును చాలదు అని చెప్పుటకు సముద్రమునంతయు వంటింటిలోనికి దేవలయునా?"

"సముద్రము లేనిదే యుప్పెక్కడిది?"

"పులుసు చల్లారుచున్నది. తిని చెప్పుడు."

మూలను గూర్చున్న మిల్కా తల్లి బోసినోటితో నవ్వి "పోనిమ్మమ్మా. ఆతడు పీఠిక ముగించులోగా నేను రెండు గిన్నెలు ముగింతును. నాయనా, నీవు కానిమ్ము" అనెను. ఎల్యాదాయు నవ్వెను. మిల్కా మాత్రము నవ్వలేదు.

"ఇచట బులుసు చల్లారిన మరల గాచుకొందుము. నేడు నా తమ్మునికై మాటలాడబోవుచున్నారు. న్యాయసభలోనైన ముందుగ వాడు నాడు యొప్పేపురమున నుండిన సంగతి చెప్పుడు."

"అధిపతిని గొనియాడక మొదటనే సంగతి చెప్పువాడు వక్త కాడు మిల్కా. వానిని చేపలమ్మువా డందురు" అని యాతడు చేతులు కడిగికొని లేచెను. ఉప్పు చాలెనో లేదో యెవ్వరికిని దెలియకయే పోయెను.

పూర్వమా దేశమున వక్త యనువాడు వేఱుగ లేడు. పురద్వారమున బెద్దలు గూర్చుండగా విధవరాలు తన నోటితోడనే తన మొఱ వినిపించుకొనెడిది. నోరులేనివానికై దారిన బోవు పెద్దమనుష్యు డొకడు నిలిచి పలికెడివాడు. ప్రవక్తలు రాజులయెదుట గూలి గోరక స్తుతి యెఱుగక తమకు వచ్చిన మాట వచ్చినట్లే పలికి చెఱసాలలకు బోయెడివారు. రోమీయుల యేలుబడి వచ్చిన పిమ్మట న్యాయపీఠపు భాష ప్రజల భాష కాకపోయెను. నాటినుండి యా పరభాషయు దాని యలంకారములును నేర్చిన వక్తయే ప్రజకు నోరయ్యెను. ఆతడు మొదట నధిపతిని స్తుతించి యాతని మనస్సును గరగించి యటుపిమ్మట సంగతి విన్నవింపవలయునని యాచారము. ఎల్యాదా యట్టి స్తుతిపీఠికయందు సాటిలేనివాడు. ఆతని పీఠిక వినుటకే వర్తకులు కొట్లు కట్టివైచి సభకు వచ్చుచుండిరి.

మిల్కా తమ్ముడు నేరీయా వలలల్లి బ్రతుకువాడు. ఒకనాటి సాయంకాలమున రేవులోని సుంకపు గిడ్డంగి దగ్ధము కాగా దానికి నిప్పంటించినవాడు నేరీయాయే యని సుంకరు లాతనిపై నేరము మోపిరి. నిజమునకా సాయంకాలమున నాతడు యొప్పేపురమున దనకు బని నేర్పిన ముదుసలి పాడె మోయుచుండెను. ఆ ముదుసలి భార్య సాక్ష్యమిచ్చుటకై యొప్పేనుండి నడచి వచ్చి సభాద్వారమున నిలిచి యుండెను. వాడు నా డీ యూర లేడు. చూచిన యామె యిదిగో నున్నది. నేరీయా ప్రాణము నిలుచుటకు జెప్పవలసిన దింతియే.

న్యాయసభలో నధిపతి పీఠమున కెడమప్రక్క గంచుపాత్ర యొకటి వ్రేలాడుచుండెను. దాని యడుగున సూదిబెజ్జమంత రంధ్రము. ప్రతి వక్తకును దాని నిండ నీరు వోయుదురు. ఆ నీరు కారిపోవువఱకే యాతనికి మాట. అటుపిమ్మట నెంతటివానికైనను మౌనమే.

ఎల్యాదా యుత్తరీయము సవరించుకొని నిలిచెను. అధిపతి సకలదిగంతవిశ్రాంతకీర్తి ననెను. ఆతని న్యాయము మధ్యాహ్నమార్తాండునివలె నీడల నిలువనీయదనెను. ఆతడు కట్టించిన రేవుకట్టను జూచి యుద్ధతమైన సముద్రము సైతము బెస్తవాని కుక్కవలె బాదములకడ బవ్వళించెననెను. అంతవఱకు నావులించుచున్న యధిపతి నిటారుగ గూర్చుండి "కట్టనుగూర్చి మఱికొంత చెప్పుము" అని చిఱునగవుతో నడిగెను.

ఏ యధిపతియు నాతనిని మున్నెన్నడు నట్లడిగియుండలేదు. ఇతని హృదయము మెత్తబడుచున్నది. ఇంకించుక తడిసెనేని నేరీయా మాట యందు విత్తనమువలె నాటుకొనునని యెల్యాదా తలపోసెను. ఆ తలంపు కపటము కాదు. ఆతడు నిజముగనే బావమఱదిని విడిపింపగోరెను. అయినను దన కంఠధ్వని స్తంభములకు దాకి మరలివచ్చునపు డాతనికి గలుగు సుఖము నాతడే యెఱుగడు. వాక్యమునుండి వాక్యము తీగెవలె సాగెను. కంచుపాత్రనుండి బొట్టువెంట బొట్టు రాలుచుండెను.

సంకెళ్ళతో నిలిచిన నేరీయాకు నా భాష రాదు. అయినను యొప్పే యన్న పేరే భాషలోనైనను యొప్పేయే కదా. ఆ యొక్క మాటకై యాతడు చెవులు రిక్కించి బావ పెదవులనే చూచుచుండెను. అది వినబడదాయె. ఆతని చూపు పెదవులనుండి పాత్రకును బాత్రనుండి పెదవులకును బరుగిడెను. తుద కాతడు తాళజాలక తన భాషలో నఱచెను.

"బావా! యొప్పే! యొప్పే చెప్పవేమి బావా!"

భటు డాతని నోటిపై గొట్టెను. సగములో దెగిన వాక్యమునకు నొచ్చుకొని యెల్యాదా మాటలాడవలదని బావమఱదికి జేసన్న చేసెను. పిదప వాక్యము మొదటికి బోయి మరల నెత్తుకొని నిండుగ ముగించెను. సభ చప్పట్లు చఱచెను. "అట్టి నీ సన్నిధిని నేరీయా యను నీ—" యని యాతడు సంగతిలోనికి దిగబోవుచుండగా లేఖకుడు పాత్రపై జేయి వైచెను. నీ రింకిపోయి యుండెను.

"అధిపతీ! ఒక్క మాట!"

"నీ మాటలు చాలును. ఇంత మధురమైన యుపన్యాసమును నేను రోమాలోనైనను వినలేదు."

అని యధిపతి యా చిఱునగవుతోడనే నేరీయాను దక్షిణపు రాగిగనులకు బంపుడని తీర్పు చెప్పెను. మఱియు దన భుజములపైనున్న కంబళిని దీయించి వక్తకు గప్పించెను. సభాద్వారమున నిలిచియున్న యొప్పే విధవరాలు ప్రక్కవానిని మెల్లగ నడిగెను. "అయ్యా, నన్నెప్పుడు పిలుతురు?"

సూర్యుడు సముద్రమున గ్రుంకుచుండగా నా యింట భోజనమునకు గూర్చుండిరి. యొప్పే విధవరాలికిని నొక పీట వైచిరి. గనులకు బోయినవాడు మరలివచ్చుట యెవ్వరును గని విని యెఱుగరు. అచట దనవారు తెచ్చిపెట్టిననే తిండి, లేకున్న లేదు. ఈ సంగతి యందఱికిని దెలియును. మిల్కా పులుసు వడ్డించి యలవాటున "ఉప్పు చాలునా?" యనెను.

ఎల్యాదా రుచి చూచెను.

"లేదు."

మిల్కా యులికిపడెను. నిజముగనే యామె యుప్పు వేయుట మఱచెను.

మిల్కా తల్లి యడిగెను. "నాయనా, నా బిడ్డకై చెప్పుట కేమియు లేకపోయెనా?"

"ఉన్నదత్తా. నేను చెప్పలేదు."

ఆతడు గడపకడ మడిచి పెట్టిన కంబళి వైపు జూచెను. "రేపు గనులకు బోవుచున్నాను. అచట రాత్రులు చలి. అది వానికి గప్పెదను. వాడు బ్రదికియున్నన్నాళ్ళు కూడు మోసెదను."

ఆ మాటల తరువాత నింకను మాటలుండునని యందఱు నాతని కుడిచేతి వంక జూచిరి. అది పైకి లేవలేదు.

"గనుల ధూళి కంఠమును దినివేయునందురు" అని మిల్కా నేల చూచుచు బలికెను.

"తిననిమ్ము."

వాక్కు నీటివంటిది. దప్పిగొన్నవాని పెదవి జేరినదే నీరు. పూదీవెల జుట్టి పాఱిన దెంత చల్లనిదైనను వానికి లేనట్టిదే. మిల్కా మగని ముఖము చూడలేదు. క్షమించితి ననియు ననలేదు. ఉప్పుగిన్నె నాతని ముందునకు జరిపెను. ఆతడొక చిటికెడు తీసి పులుసులో వైచుకొని తినెను.