రొట్టెల బండికి ఎదురెళ్ళిన ఇల్లు

కాలువ పక్కన రోడ్డు మలుపు తిరిగే చోట ఉన్న ఇల్లు బొత్తాలమ్మది. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఊడిన బొత్తాం కుట్టినందుకు ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోదు కనక ఆ పేరే స్థిరపడిపోయింది. ముందుగదిలో కుట్టుమిషను, మధ్యగదిలో మంచం, మంచం మీద అత్తగారు, అత్తగారి నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఒక మాట. ఇదీ సంసారం.

ఆ ఇంటికి ఎదురు రావడం అలవాటు. ఇంటివాళ్ళెవరైనా అలిసిపోయి తిరిగొస్తుంటే దూరంనుంచే పసిగట్టి ఓ మూరెడు ముందుకు జరిగేది. ఎండన పడి వస్తే రెండు మూరలు. కదలబోయే ముందు దూలాలు సన్నగా మూలిగేవి. అత్తగారు మంచినీళ్ళ బిందె మీద చెయ్యి వేసేది, పొయ్యి మీద పాలుంటే బొత్తాలమ్మ దించేసేది. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టగానే ఇల్లు వెనక్కి జరిగి తన పునాది మీద సర్దుకు కూచునేది. బొత్తాలమ్మ భర్త ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు అలాగే గడిచాయి. ఆయన ఆస్పత్రిలో పోయిన రోజున కూడా ఇల్లు వేళకి ముందుకొచ్చింది. చాలాసేపు నిలబడింది. ఎవరూ రాకపోతే, చీకటి పడ్డాక మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఆయన కోసం ఎంత ఏడ్చిందో, ఆ ఇంటిని చూసి అంతా ఏడ్చింది బొత్తాలమ్మ.

అలాంటి ఇంటిని ఒక మిట్టమధ్యాహ్నం రొట్టెల బండి గుద్దేసింది. అత్తాకోడళ్ళిద్దరూ అప్పుడు పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నారు. తడి దుప్పట్లకి అవతల ఏం జరిగిందో వాళ్ళు చూడలేదు. చప్పుడు విని చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చేసరికి ఇల్లు తన పునాది మీదే ఉంది గాని ముందుగది గోడ సగం కూలి ఉంది, కిటికీ ఊడిపడి ఉంది, పెళ్ళలూ రొట్టెలూ కలిసి రోడ్డు దాకా చిందాయి. డ్రైవరు నుదుటి మీద చిన్న గాయంతో దిగి, గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు.

ఎదుటివాళ్ళ బండి వల్ల నష్టం జరిగితే ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీయే ఇచ్చుకోవాలని చెప్పి, పక్కింటి గుమాస్తా దరఖాస్తు పెట్టించాడు. వానలు దగ్గర పడుతున్నాయి. ఈలోగా గోడ లేవకపోతే ముందుగది లేదు, ముందుగది లేకపోతే మిషను లేదు, మిషను లేకపోతే పొయ్యి లేదు. వంటింట్లో కూచుని కుడుతుంటే బట్టలకి పొగ వాసన పడుతోందని అప్పుడే సగం బేరాలు పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా బండి యజమాని కంపెనీకి ఇంకో కథ చెప్పాడు. అది తిరిగే ఇల్లని వీధంతా ఎరుగుదురనీ, తన బండి దారిన తను పోతుంటే ఇల్లే వచ్చి గుద్దిందనీ, బండి బాగుచేయించే ఖర్చు కూడా ఆ ఇంటివాళ్ళే పెట్టుకోవాలనీ.

"మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదేనే అమ్మాయ్!" అంది అత్తగారు.

కంపెనీ తరఫున సర్వేయరు వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉన్న పెద్దమనిషి. గోడ కొలిచాడు, కిటికీ కొలిచాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు తిరిగిస్తూ, రోజూ అడిగే ప్రశ్నే అన్నట్టు అడిగాడు.

"గుద్దినప్పుడు ఇల్లు పునాది మీదే ఉందామ్మా, ముందుకేమైనా వచ్చిందా?"

"మా ఇల్లు తాగి తిరిగే రకం కాదు బాబూ," అంది అత్తగారు లోపల్నించి.

"ఇంటివాళ్ళు తిరిగొస్తుంటేనే కదులుతుందండీ," అంది బొత్తాలమ్మ. "ఆ మధ్యాహ్నం మేమిద్దరం పెరట్లోనే ఉన్నాం. ఇంకెవరి కోసం వెళ్తుంది?"

సర్వేయరు పెళ్ళల్ని కాలితో పక్కకి నెట్టి చూపించాడు. పునాది దగ్గర్నించి దాదాపు రోడ్డంచు దాకా నేల చెక్కుకుపోయి ఉంది. మూరెడు కాదు, రెండు మూరలు కాదు. భర్త బతికున్నప్పుడు కూడా ఇల్లు అంత దూరం ఎన్నడూ వెళ్ళలేదు.

"పునాది వదిలిన ఇంటికి మా కంపెనీ ఏమీ ఇవ్వదమ్మా," అన్నాడు సర్వేయరు. అనడానికి ఆయనకీ కష్టంగానే ఉంది. "డ్రైవర్ని కూడా రమ్మన్నాను. ఇల్లు ముందుకొచ్చిందని అతనూ అంటే, ఇక నేను చెయ్యగలిగిందేమీ లేదు."

బొత్తాలమ్మకి కంపెనీ మీద కోపం రాలేదు. ఇంటి మీద వచ్చింది. ద్వారబంధం దగ్గరికి వెళ్ళి, "ఎవరి కోసం వెళ్ళావే అంత దూరం? నీకు మేం చాల్లేదా?" అని అడిగింది. అది కదిలే ఇల్లే గాని మాట్లాడే ఇల్లు కాదు.

కాసేపటికి డ్రైవరు నడుచుకుంటూ వచ్చాడు. చిన్నవాడే. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూచోలేదు.

"ఇల్లు ముందుకొచ్చిందా?" అని అడిగాడు సర్వేయరు.

"వచ్చిందండీ."

బొత్తాలమ్మ కళ్ళు మూసుకుంది. గోడ పోయింది, మిషను పోయింది, ఇక ఇల్లు అమ్ముకోవడమే అనుకుంది.

"ఆ ఒక్క మాటే చెప్పి వచ్చెయ్యమన్నాడు మా ఓనరు," అన్నాడు డ్రైవరు. చెప్పేశాడు కాబట్టి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. "కానీ నేను నిద్రపోయానండీ. పాప పుట్టినప్పట్నించీ ఇంట్లో నిద్ర లేదు. ఆ వారం రాత్రి డ్యూటీ మీద పగటి డ్యూటీ కూడా వేశారు. స్టీరింగు మీదే కన్ను మూతపడింది. కలొచ్చింది. కలలో ఇంటికెళ్తున్నాను. మా వీధి, మా గుమ్మం, మా ఆవిడ తలుపు తీస్తోంది. హమ్మయ్య, ఇంటికొచ్చేశాను అనుకున్నానక్కా. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మీ గుమ్మం."

అత్తగారి నోట్లో కూడా మాట లేదు. ఆ వీధిలో వింత అంటే అదే.

సర్వేయరు రోడ్డు మీదికి నడిచాడు. బ్రేకు వేసిన జాడ ఎక్కడా లేదు. రోడ్డు తిరిగిన చోట బండి తిరగలేదు. రోడ్డు దిగి, ఇంటి ముందున్న ఖాళీలోంచి తిన్నగా పోయి, ఇల్లు ఎదురొచ్చిన చోట ఆగింది. ఆయన ఆ చోటు దాటి అలాగే తిన్నగా నడుచుకుంటూ పోయి, ఒకచోట ఆగిపోయాడు. అక్కణ్ణించి ముందుకి నేల లేదు. గట్టు కోసుకుపోయి, బాగా కిందికి కాలువ, అందులో నిండుగా నీళ్ళు.

ఆ రోజు డ్రైవరు గోడనే చూశాడు గాని గోడకి అవతలేముందో చూడలేదు. సర్వేయరు వెనకే వచ్చి ఇప్పుడు చూశాడు. చూసి, వెనక్కి తిరిగి ఆ ఇంటికి రెండు చేతులూ జోడించాడు.

బొత్తాలమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. ఎవరో అలిసిపోయి ఇంటికొస్తున్నారని తెలిసింది ఆ పిచ్చితల్లికి, ఆ ఇంటికి. ఎవరింటికి అని అడగలేదు. బొత్తాలమ్మ పగిలిన గోడకి చెంప ఆనించి, కంటినీళ్ళు తుడుచుకోకుండా కాసేపు అలాగే నిలబడింది.

"ఇల్లు పునాది వదిలింది నిజమే," అన్నాడు సర్వేయరు వెనక్కొచ్చి. "కానీ అంతకుముందే బండి రోడ్డు వదిలింది. ముందు దారి తప్పినవాళ్ళదే తప్పు. అలాగే రాస్తాను, మీ గోడకి డబ్బు వస్తుంది." డ్రైవరు వైపు తిరిగాడు. "కాకపోతే నిద్రపోయానని నువ్వు సంతకం పెట్టాలి బాబూ. పెడితే నీ ఉద్యోగం ఉండదు."

"తెలుసండీ," అన్నాడు డ్రైవరు. పెట్టాడు.

పెట్టాక, వెళ్ళొస్తానని చెప్పబోయి తూలాడు. అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"నిలబడే నిద్రపోతున్నావు నాయనా. లోపలికొచ్చి పడుకో."

"వద్దు మామ్మగారూ, ఇంటికెళ్తాను."

"వెళ్దువుగానిలే. ఈ కళ్ళతో వెళ్తే దారిపొడుగునా ఇంకెన్ని ఇళ్ళు ఎదురు రావాలి నీకు?"

దేవుడొచ్చి అడిగినా ఇవ్వని తన మంచం అతనికి ఇచ్చింది అత్తగారు. పడుకుంటూనే నిద్రలోకి జారిపోయాడు. కోడలు ఆ పూటకి మిషను ముట్టుకోలేదు. సర్వేయరు టేపు టపాలున చుట్టుకుపోకుండా చేత్తో పట్టుకుని, కొంచెం కొంచెం లోపలికి వదిలి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

స్టూలు మీద డ్రైవరు ఫోను మోగింది. నిద్ర పాడవుతుందని బొత్తాలమ్మ గబుక్కున అందుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?" అవతల ఆడగొంతు. వెనక పసిపాప ఏడుస్తోంది. "సాక్ష్యానికని ఎప్పుడో వెళ్ళారు, ఇంతవరకూ రాలేదు. మళ్ళీ బండెక్కారా? పలకరేం? నాకు భయంగా ఉంది. ఉన్నారా?"

బొత్తాలమ్మ మధ్యగదిలోకి చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నాడు. గుండె పైకి లేస్తోంది, దిగుతోంది. పక్కన కూచుని అత్తగారు పాత కాగితంతో విసురుతోంది. కాలువ సంగతి, ఇంటి సంగతి అంతా తర్వాత చెప్పుకోవచ్చనుకుంది.

"ఉన్నాడమ్మా," అంది. "మా ఇంట్లో పడుకున్నాడు. నువ్వేం భయపడకు తల్లీ. ఉన్నాడు."